వేట నిషేధం తర్వాత 8 హెచ్‌పీ టూ స్ట్రోక్ అవుట్‌బోర్డ్ పావుగంటకే ఆగిపోతోంది – లోపం ఎక్కడ?

ఉప్పాడ ఫైబర్:

ఫైబర్ తెప్పకి పెట్టిన 8 హెచ్‌పీ అవుట్‌బోర్డ్ అండి. టూ స్ట్రోక్, రెండు సిలిండర్లు, పెట్రోలు మోడల్ (కిరోసిన్‌ది కాదు), తాడు లాగి స్టార్ట్ చేసేది. ఏడేళ్ల పాతది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా నిషేధంలో షెడ్డులోనే ఉంది. ఆ రెండు నెలలూ తాడు కూడా లాగలేదు.

ఇప్పుడు పొద్దున్నే రెండో లాగుకి స్టార్ట్ అవుతుంది. నెమ్మదిగా నడిపితే బాగానే ఉంటుంది. ఫుల్ థ్రాటిల్ ఇచ్చాక పదిహేను, ఇరవై నిమిషాలకి బరువెక్కినట్టు అవుతుంది, కాసేపు తగ్గుతూ పెరుగుతూ ఊగి ఆగిపోతుంది. పది నిమిషాలు వదిలేస్తే మళ్లీ స్టార్ట్. మళ్లీ పావుగంటకి అదే తంతు.

ఇప్పటివరకు చేసినవి: ప్లగ్గులు రెండుసార్లు మార్చాం. కార్బొరేటర్ మెకానిక్ విప్పి కడిగారు. ఒకరు సీడీఐ (స్పార్క్‌ని నడిపే ఎలక్ట్రానిక్ పెట్టె) పోయిందంటున్నారు, ఒకరు ప్లగ్గుకి కరెంటు ఇచ్చే కాయిల్ అంటున్నారు. రెండూ కలిపి చెబుతున్న ధర చూస్తే ఊహ మీద కొనే ధైర్యం రావట్లేదు.

ఇంకో మూడు విషయాలు. నిషేధానికి ముందు మిగిలిన పెట్రోలు ట్యాంకులో పది లీటర్ల దాకా ఉంటే దాని మీదే కొత్తది పోశాం. ఆయిల్ బైకుల 2టీ (టూ స్ట్రోక్ ఆయిల్), అందాజుగా కలుపుతాం. ఇంజిన్‌ని చల్లార్చి వెనక నుంచి వచ్చే నీళ్ల ధార వస్తోంది గానీ మునుపటంత జోరు లేదు.

కెరటాల్లో దాటేటప్పుడు ఆగితే తెప్ప తిరగబడుతుంది. అందుకే అడుగుతున్నాను, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

స్పానర్ 13:

ముందు ఏ పార్టూ కొనకండి. మీరు రాసినదాంట్లో అన్నిటికంటే పనికొచ్చేది "తగ్గుతూ పెరుగుతూ ఊగి" అన్న మాట. ఇంజిన్ ఎలా ఆగుతుందో దాన్నిబట్టి సగం జబ్బు తెలుస్తుంది.

స్పార్క్ పోతే స్విచ్ నొక్కినట్టు టక్కున ఆగుతుంది. లేదా ఒక సిలిండర్ పోయి సగం బలంతో, మోత మారిపోయి నడుస్తుంది. పెట్రోలు చాలకపోతే మీరు చెప్పినట్టు ఊగుతుంది: కార్బొరేటర్ బౌల్‌లో (పెట్రోలు నిలిచే చిన్న గిన్నెలో) పెట్రోలు తగ్గగానే వేగం పడిపోతుంది, వేగం పడగానే వాడకం తగ్గి బౌల్ కాస్త నిండుతుంది, మళ్లీ లేస్తుంది. వేడెక్కి పిస్టన్ బిగుసుకుంటే మాత్రం ఊగదు. బరువుగా నెమ్మదించి ఆగుతుంది, ఆగిన వెంటనే తాడు లాగితే మామూలుకంటే గట్టిగా ఉంటుంది.

ఆగిపోయి చల్లారాక చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. చూడాల్సింది ఆగబోతున్న ఆ అర నిమిషంలో. కాబట్టి ఇద్దరు వెళ్లండి. కెరటాలు విరిగే చోట కాదు, వీలైతే కాలువలోనో మొగ (నీళ్లు సముద్రంలో కలిసే చోటు) లోపలి నీళ్లలోనో చూసుకోండి. తెడ్లు పెట్టుకోండి, పక్కన ఇంకో తెప్ప ఉంటే మరీ మంచిది. ఫుల్ థ్రాటిల్‌లో వదలండి. ఊగడం మొదలవగానే ఈ వరసలో:

ముందు ట్యాంకు మూత వదులు చేయండి. లోపలికి గాలి "సుయ్" మని వెళ్లి ఇంజిన్ కోలుకుంటే మూత మీది గాలి మర మూసుకుపోయింది. అంతే జబ్బు.

కోలుకోకపోతే పెట్రోలు పైపులోని చేతి బల్బు నొక్కుతూ ఉండండి. నొక్కుతున్నంతసేపూ ఇంజిన్ బాగా నడిస్తే కాయిల్ జోలికి వెళ్లొద్దు. లోపం ట్యాంకు నుంచి ఇంజిన్ మీది పెట్రోలు పంపు దాకా ఎక్కడో ఉంది.

బల్బు గట్టిగానే ఉండి ఇంజిన్ మాత్రం పడిపోతుంటే చోక్ సగం లాగండి. చోక్‌తో లేస్తే పంపు దాటాక, కార్బొరేటర్ లోపల మెయిన్ జెట్‌లోనో (పెట్రోలు కొలిచి వదిలే సన్న రంధ్రం) నీడిల్ వాల్వ్‌లోనో (బౌల్‌లోకి పెట్రోలు వదిలే మూత) అడ్డం ఉంది.

ఈ మూడింటికీ లొంగకపోతేనే స్పార్క్ వైపు రండి. ఆగిన నిమిషంలోపే, ఇంజిన్ వేడిగా ఉండగానే చూడాలి. ఇంకో జత ప్లగ్గులు ముందే దగ్గర పెట్టుకుని, వాటిని ప్లగ్గు వైర్ల క్యాపుల్లో గుచ్చి, లోహపు భాగం ఇంజిన్ బాడీకి గట్టిగా ఆనించి తాడు లాగండి. అసలు ప్లగ్గులు వాటి చోటే ఉండనివ్వండి, విప్పితే ఆ రంధ్రంలోంచి పెట్రోలు ఆవిరి చిమ్మి అంటుకోవచ్చు. క్యాపులు ఉత్తగా గాలిలో వదిలి తాడు లాగితే సీడీఐ దెబ్బతింటుంది, ఆ పని అసలు చేయొద్దు.

మీ లెక్క చూడండి. 8 హెచ్‌పీ టూ స్ట్రోక్ ఫుల్ థ్రాటిల్‌లో గంటకి సుమారు నాలుగు లీటర్లు తాగుతుంది. అంటే పావుగంటకి ఒక లీటరు. గాలి మర మూసుకుపోతే ట్యాంకులోంచి ఆ లీటరు బయటికి పోయి దాని చోటికి గాలి రాదు. లోపల పీడనం పడిపోయి పంపు లాగలేకపోతుంది. పది నిమిషాలు ఆపితే మూత సందుల్లోంచి గాలి మెల్లగా చేరుతుంది, మళ్లీ స్టార్ట్ అవుతుంది. అచ్చం కాయిల్ వేడెక్కి చల్లారినట్టే కనిపిస్తుంది! ట్యాంకు నిండా ఉన్నప్పుడు త్వరగా ఆగి, సగం ఖాళీ అయ్యాక ఎక్కువసేపు నడుస్తుందేమో గమనించండి. నిండు ట్యాంకులో గాలికి చోటు తక్కువ కాబట్టి పీడనం తొందరగా పడుతుంది. కాయిల్‌కి ట్యాంకులో ఎంత ఉందో సంబంధం లేదు.

నిజాంపట్నం తెప్ప:

అన్న చెప్పిన వరస సరైనదే. కానీ సముద్రంలోకి వెళ్లకముందే ఒడ్డున చేయాల్సిన పని ఒకటుంది. ఆ పాత పెట్రోలు సంగతి తేల్చండి.

తెల్లటి గాజు సీసా తీసుకోండి. ట్యాంకు కదపకుండా రాత్రంతా ఉంచి, పొద్దున్నే అడుగు నుంచి పావు లీటరు తీయండి. పెద్ద సిరంజికి సన్నపాటి గొట్టం తగిలిస్తే చాలు, నోటితో పీల్చొద్దు. సీసా అరగంట కదలకుండా పెట్టండి. అడుగున గీత గీసినట్టు వేరే పొర కనిపించినా, బుడగల్లా నీటి బొట్లు దొర్లినా, మొత్తం మసకగా ఉన్నా ఆ పెట్రోలు ఇంజిన్‌కి పనికిరాదు.

ఎందుకంటే ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. సముద్రం గాలికి, గాలి మర తెరిచి రెండు నెలలు ఉంచిన సగం ట్యాంకులో అది నీళ్లు తాగుతూనే ఉంటుంది. మోతాదు దాటాక ఇథనాలూ నీళ్లూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కి దిగుతాయి. ట్యాంకులో పీల్చే గొట్టం ఉండేది ఆ అడుగునే.

దీంట్లో అసలు ప్రమాదం వేరే ఉంది. 2టీ ఆయిల్ పైనున్న పెట్రోలుతోనే ఉండిపోతుంది, అడుగు పొరతో కలవదు. ఇంజిన్‌లోకి ఆ పొర వెళ్లిందంటే బేరింగులకీ పిస్టన్‌కీ ఆయిల్ లేదన్నమాటే. స్టార్ట్ కాకపోతే అదృష్టం, నడిస్తేనే నష్టం. విడిపోయిన దాన్ని కుదిపి కలపాలని చూడొద్దు, కొత్తది పోసినా బాగుపడదు. మొత్తం తీసేసి, ట్యాంకును కొత్త పెట్రోలు కొంచెం పోసి కడిగి, దాన్నీ డబ్బాలోకి తీసేసి, ఆరబెట్టాకే నింపండి. తీసిన పెట్రోలు బైకులో పోయకండి, ఇసుకలోనూ నీళ్లలోనూ పారబోయకండి, వాడేసిన ఇంజిన్ ఆయిల్ తీసుకునే చోట ఇవ్వండి.

ఇంకోటి. ఇథనాల్ పాత రబ్బరును తినేస్తుంది. ఏడేళ్ల ఇంజిన్ కాబట్టి పైపు, బల్బు, పంపు లోపలి పొర, కనెక్టర్ ఓ-రింగులు అన్నీ అనుమానించాల్సినవే. పైకి బాగా కనిపించే పైపులో లోపలి పొర ఊడి నాలుకలా వేలాడుతుంది. నెమ్మదిగా నడిపితే పెట్రోలు పక్కనుంచి పోతుంది. ఫుల్ ఇస్తే ఆ లాగుడికి నాలుక అడ్డం పడి మూసేస్తుంది. ఊది చూస్తే ఇది దొరకదు, ఊదితే పొర పక్కకి తొలగిపోతుంది. పైపు చివర ఒక అంగుళం నిలువునా కోసి చూస్తేనే తెలుస్తుంది.

ఉప్పాడ ఫైబర్:

చాలా థాంక్స్ అన్నా. సీసాలో పెట్టి చూశాం. అడుగున వేలెడంత పొర స్పష్టంగా విడిపోయింది. మొత్తం తీసేసి ట్యాంకు కడిగాం.

కొత్త పెట్రోలుతో నిన్న మొగ లోపల నడిపాం. పావుగంట కాదు, అరగంట నడిచి ఊగడం మొదలైంది. మూత వదులు చేస్తే తేడా లేదు. బల్బు నొక్కితే మాత్రం వెంటనే లేచింది, నొక్కుతున్నంతసేపూ నడిచింది. వదిలితే నిమిషంలో పడిపోతోంది. ఊగేటప్పుడు బల్బు మెత్తగా ఉంది గానీ చదునుగా అతుక్కుపోలేదు.

ఇంజిన్ కవర్ తీసి చూస్తే ఇంజిన్ లోపలి ఫిల్టర్ గిన్నెలో చిన్న చిన్న బుడగలు వస్తున్నాయి.

స్పానర్ 13:

మీరు గమనించిన ఆ రెండు గుర్తులతో పని తేలికైంది. బల్బు చదునుగా అతుక్కుపోతే ట్యాంకు వైపు అడ్డం ఉన్నట్టు. అంటే గాలి మర, పీల్చే గొట్టం చివరి జల్లెడ, పైపు లోపలి నాలుక. మెత్తగా ఉండి బుడగలు వస్తుంటే అడ్డం కాదు, దారిలో ఎక్కడో గాలి పీలుస్తోంది. పెట్రోలు కారే చిల్లి కాకపోవచ్చు. లాగేటప్పుడు మాత్రమే గాలి లోపలికి వెళ్లే సందు.

బల్బు మీద బాణం ఇంజిన్ వైపు ఉందో లేదో చూసుకోండి. బల్బును నిలువుగా, బాణం పైకి ఉండేట్టు పట్టుకుని గట్టిపడేదాకా నొక్కండి. పది నిమిషాల్లో మెత్తబడితే ఏదో వదులుగా ఉంది. ప్రతి జాయింటు చుట్టూ సబ్బు నురగ రాసి, బల్బు నొక్కి పట్టుకుని చూడండి.

మొదటి అనుమానం ఇంజిన్‌కి తగిలించే కనెక్టర్. దాని లోపలి ఓ-రింగ్ చదునైపోయి ఉంటుంది. మామూలు రబ్బరు రింగ్ వేయకండి, ఉబ్బిపోతుంది. పెట్రోలు తట్టుకునే రకమే వేయాలి, లేదా కనెక్టర్ మొత్తం మార్చేయడం మేలు. ట్యాంకు వైపు కనెక్టర్ కూడా చూడండి.

తర్వాత క్లాంపులు. తెప్పల మీద చాలాచోట్ల పైపును ఇనుప తీగతో బిగిస్తారు. తీగ ఒక చోట కోస్తుంది, ఎదురు చోట సందు వదులుతుంది. స్టెయిన్‌లెస్ క్లాంపులే వేయండి. లెవెల్ గొట్టంలా కనిపించే పారదర్శకం ప్లాస్టిక్ పైపు ఎక్కడైనా వేసి ఉంటే తీసి పారేయండి, పెట్రోలుకి అది కర్రలా గట్టిపడి జాయింటు పట్టదు. పైపు, బల్బు, రెండు కనెక్టర్లు కలిపి సెట్‌గానే దొరుకుతుంది. ఏడేళ్లు వాడారు కాబట్టి సెట్ మొత్తం మార్చమనే నా సలహా. సీడీఐ ధరలో అది చాలా చిన్న భాగం.

సెట్ మార్చాక కూడా ఊగితే పెట్రోలు పంపు విప్పండి. ఈ పంపుకి మోటారూ లేదు, కడ్డీ లేదు. పిస్టన్ కదిలేటప్పుడు దాని వెనక గదిలో (క్రాంక్‌కేస్‌లో) పీడనం మారుతుంది, ఆ ఊపుకి పల్చటి పొర ఒకటి కొట్టుకుంటూ పెట్రోలు తోస్తుంది. ఆ పొర గట్టిపడితే నెమ్మది నడకకి సరిపోయేంత తోస్తుంది గానీ ఫుల్‌కి చాలదు. చిల్లి పడితే ఇంకో రకం: పెట్రోలు తిన్నగా క్రాంక్‌కేస్‌లోకి పోయి ఇంజిన్ నల్లటి పొగ వేస్తుంది, ప్లగ్గు తడుస్తుంది, వేడి మీద స్టార్ట్ అవ్వడానికి మొరాయిస్తుంది.

విప్పే ముందు ఫోన్‌లో ఫొటో తీసుకోండి. పొర, గ్యాస్కెట్లు, చిన్న వాల్వులు ఏ వరసలో ఉన్నాయో అదే వరసలో వెళ్లాలి. పొరను వెలుతురుకి ఎత్తి వేళ్లతో సాగదీసి చూడండి, సూదిమొనంత చిల్లులు అప్పుడే కనిపిస్తాయి. వాల్వులు అంచుదాకా చదునుగా ఆనాలి, ఒక మూల లేచినా పంపు సగం పని చేయదు. గ్యాస్కెట్‌కి సిలికాన్ పేస్టు రాయకండి. బిగించినప్పుడు నలిగి బయటికి వచ్చిన ముక్కే తర్వాత జెట్‌లో దొరుకుతుంది.

కార్బొరేటర్ ఒకసారి కడిగారన్నారు. కానీ అప్పుడు ట్యాంకులో విడిపోయిన పెట్రోలే ఉంది, కాబట్టి మళ్లీ చెడి ఉంటుంది. బౌల్ అడుగు మర విప్పి గ్లాసులోకి పట్టండి. తెల్లటి పొడి గానీ జిగురు గానీ ఉంటే మళ్లీ విప్పాల్సిందే. మెయిన్ జెట్, పైలట్ జెట్ రెండూ బయటికి తీసి కార్బ్ క్లీనర్ కొట్టి, కంప్రెసర్ గాలితో ఊదండి. ఇనుప తీగ, సూది పెట్టొద్దు. జెట్ ఇత్తడిది, రంధ్రం కొంచెం పెరిగినా మళ్లీ కొలత కుదరదు. పైలట్ స్క్రూ విప్పే ముందు మెల్లగా లోపలికి తిప్పుతూ ఆనేదాకా ఎన్ని చుట్లో లెక్కపెట్టి రాసుకోండి, మళ్లీ అన్నే చుట్లు వెనక్కి. ఆనాక బిగించొద్దు, మొన పాడవుతుంది.

గోదారి లాంచీ:

పెట్రోలు సంగతి తేలిపోతోంది, సంతోషం. కానీ ధార జోరు తగ్గిందన్న మాటని ఎవరూ పట్టించుకోలేదు, అది నాకు భయంగా ఉంది. పెట్రోలు లోపం ఇంజిన్‌ని ఆపుతుంది. నీళ్ల లోపం ఇంజిన్‌ని చంపుతుంది.

ముందు తేలిక పని. ధార వచ్చే సన్న రంధ్రంలో ఉప్పూ ఇసుకా పేరుకుని ఉండొచ్చు. నైలాన్ దారం ముక్కతో (వల దారమే చాలు) లోపలికి పొడవండి. ధార జోరు వచ్చేసిందా, సరే. లేకపోతే కింద లెగ్‌లో (నీళ్లలో మునిగే, ప్రొపెల్లర్ ఉండే భాగం) నీళ్లు తీసుకునే జల్లెడ చూడండి, నాచూ ప్లాస్టిక్ కవరు ముక్కలూ చుట్టుకుంటాయి.

రెండూ బాగుంటే ఇంపెల్లర్. లెగ్ లోపల నీళ్లు పైకి తోసే రబ్బరు చక్రం అది, ఆరేడు రెక్కలుంటాయి. ఒడ్డునుంచి తెప్ప దించే వాళ్లకి ఇసుక నీళ్లు ఎక్కువ పోతాయి కాబట్టి ఏడాదికోసారి మార్చాలి. రెండు నెలలు కదలకుండా ఉంటే రెక్కలు వంగిన చోటే గట్టిపడి ఉండిపోతాయి. షెడ్డులో నీళ్లు లేకుండా "ఒక్కసారి స్టార్ట్ చేసి చూద్దాం" అని నడిపితే క్షణాల్లోనే మాడిపోతుంది.

మార్చే పద్ధతి: గేరు కడ్డీ జాయింటు విప్పండి. లెగ్ బోల్టులు తీసి లెగ్‌ను తిన్నగా కిందికి లాగండి. నీళ్ల పంపు గిన్నెకి ఉన్న బోల్టులు తీస్తే ఇంపెల్లర్ కనిపిస్తుంది. దాన్ని షాఫ్ట్ మీద పట్టి ఉంచే చిన్న చీల జారి ఇసుకలో పడితే దొరకదు, కింద గుడ్డ పరచుకోండి. కొత్తది ఎక్కించాక రెక్కలకి సబ్బు నీళ్లు రాసి, షాఫ్ట్‌ను పైనుంచి చూస్తే గడియారం తిరిగే వైపు తిప్పుతూ గిన్నెను కిందికి నొక్కండి. రెక్కలు వాటంతటవే సరైన వైపు వంగుతాయి. గిన్నె లోపలి గోడ మీద గోటికి తగిలేంత గీతలు ఉంటే అది కూడా మార్చాలి. లేకపోతే కొత్త ఇంపెల్లర్ కూడా పాతదానిలాగే తోస్తుంది.

పాత ఇంపెల్లర్‌కి ఏదైనా రెక్క లేకపోతే ఆ ముక్క ఎక్కడికో పోయినట్టు కాదు, పైకి వెళ్లి నీళ్ల దారిలో కూర్చుంది. అది దొరికేదాకా పని అయినట్టు కాదు. లెగ్ తిరిగి ఎక్కించేటప్పుడు నీళ్ల గొట్టం దాని రబ్బరు మూతిలోకి సరిగా దిగిందో లేదో చూడండి. షాఫ్ట్ పళ్లు కుదరకపోతే గేరులో పెట్టి ప్రొపెల్లర్ కొంచెం తిప్పండి, దిగిపోతుంది. బోల్టులతో లాగి దింపాలని చూడొద్దు. పళ్ల పక్కలకి మెరైన్ గ్రీజు రాయండి, పై ముఖం మీద రాయకండి.

ఇంపెల్లర్ కొత్తదైనా ధార సన్నగానే ఉంటే థెర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక నీళ్ల దారి తెరిచే వాల్వు) తీయండి. గిన్నెలో నీళ్లు కాచి అందులో వేస్తే ఇంజిన్‌ని బట్టి 50, 60 డిగ్రీల మధ్య తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే మార్చండి. తీసి పారేసి నడిపే వాళ్లున్నారు, అది చేయకండి. మరీ చల్లగా నడిచే టూ స్ట్రోక్ పెట్రోలు సరిగా కాల్చదు, ప్లగ్గులు తడుస్తాయి, బొగ్గు పేరుకుంటుంది.

థెర్మోస్టాట్ కవర్ బోల్టులు తీసేటప్పుడు తొందరపడొద్దు. అల్యూమినియంలో స్టెయిన్‌లెస్ బోల్టు, మధ్యలో ఏడేళ్ల ఉప్పు. రాత్రి తుప్పు వదిలించే ఆయిల్ పోసి ఉంచి, పొద్దున్న కొంచెం బిగించి, కొంచెం వదిలి, అలా ముందుకీ వెనక్కీ ఆడించి తీయాలి. ఒక బోల్టు విరిగితే రోజంతా పోతుంది. తిరిగి పెట్టేటప్పుడు మరలకి మెరైన్ గ్రీజు రాయడం మరవకండి.

వైరింగ్ పని:

ఈ తెప్ప విషయంలో స్పార్క్ కాదని తేలింది, ఒప్పుకుంటాను. కానీ ఇదే లక్షణంతో ఇది చదివే వాళ్ల కోసం ఒక్క మాట. బల్బుకీ చోక్‌కీ లొంగకుండా వేడి మీద స్పార్క్ పోయి, చల్లారాక వస్తుంటే, కాయిల్ కొనేముందు స్టాప్ స్విచ్ వైరు విడదీసి నడిపి చూడండి. నడిపే మనిషికి కట్టుకునే ఎర్ర తాడు క్లిప్పు ఉండే ఆ స్విచ్ పని ఇగ్నిషన్‌ని ఎర్త్ చేయడమే. లోపల ఉప్పు తేమ చేరితే అది అప్పుడప్పుడూ తనంతట తనే ఎర్త్ చేస్తుంది. విడదీసి నడిపితే ఇంజిన్ స్విచ్‌తో ఆగదు, చోక్ పూర్తిగా లాగి ఆపాలి. కాబట్టి ఈ పరీక్ష ఒడ్డున నీళ్ల డ్రమ్ములోనే చేయండి, సముద్రంలో ఆ క్లిప్పు లేకుండా ఎప్పుడూ వెళ్లకండి. మనిషి నీళ్లలో పడితే ఇంజిన్‌ని ఆపేది అదొక్కటే.

కాయిల్‌ని మీటరుతో కొలిచేటప్పుడు చల్లగా ఒకసారి, ఆగిపోయిన వెంటనే వేడిగా ఒకసారి కొలవాలి. చల్లటి కొలత బాగుందని కాయిల్ బాగుందనుకోవడం వల్లే చాలామంది మంచి సీడీఐలు మార్చేస్తుంటారు.

ప్లగ్గుల గురించి కూడా. ఎన్‌జీకే నంబర్లలో బి7హెచ్‌ఎస్ లాంటి దాంట్లో 7 అనేది వేడి గుణం, అంకె పెరిగితే ప్లగ్గు చల్లటిది. చివర 10 అని ఉంటే సందు 1 మిల్లీమీటరు. షాపులో "ఇదీ సరిపోతుంది" అని ఇచ్చినది మర ఎక్కినంత మాత్రాన సరైనది కాదు, మాన్యువల్‌లో ఉన్న నంబరే అడగండి. కొత్త ప్లగ్గు చేత్తో ఆనేదాకా తిప్పి, ఆ తర్వాత పానాతో అర చుట్టు. అంతకంటే బిగిస్తే అల్యూమినియం మర పోతుంది.

పులికాట్ పడవ:

ఆయిల్ గురించి ఎవరూ చెప్పలేదు. అందాజుగా కలుపుతున్నారు కదా, భయంగా ఉంటే 25కి 1 (25 పాళ్ల పెట్రోలుకి 1 పాలు ఆయిల్) కలపండి. ఆయిల్ ఎక్కువైతే ఇంజిన్‌కి నష్టం లేదు, తక్కువైతేనే సీజ్ అవుతుంది (పిస్టన్ బిగుసుకుపోతుంది).

స్పానర్ 13:

పులికాట్ తమ్ముడూ, తక్కువైతే సీజ్ అన్నది నిజం. ఎక్కువైతే నష్టం లేదన్నది మాత్రం కాదు. జెట్ రంధ్రంలోంచి పోయేది పెట్రోలూ ఆయిలూ కలిసిన ద్రవం. ఆయిల్ పెరిగితే అదే రంధ్రంలోంచి పోయే పెట్రోలు తగ్గుతుంది, మిశ్రమం లీన్ అవుతుంది, అంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. ఇథనాల్ పెట్రోలు ఇప్పటికే పాత జెట్లకి కాస్త లీన్. దాని మీద ఇదొకటి. పైగా పిస్టన్ రింగుల గాడుల్లో, ఎగ్జాస్ట్ దారిలో బొగ్గు పేరుకుని రింగులు బిగుస్తాయి, కంప్రెషన్ పడిపోతుంది. 25కి 1 కొత్త ఇంజిన్‌కీ, రింగులు మార్చిన ఇంజిన్‌కీ మొదటి కొద్ది గంటలకే. ఆ తర్వాత ఈ సైజు ఇంజిన్లలో ఎక్కువవాటికి 50కి 1. కవర్ మీదో మాన్యువల్‌లోనో రాసి ఉన్నదే పాటించండి.

50కి 1 అంటే లీటరుకి 20 మి.లీ. ఐదు లీటర్లకి 100, పన్నెండుకి 240, ఇరవైకి 400. మందుల షాపులో దొరికే కొలత గ్లాసు చాలు. వేరే క్యానులో సగం పెట్రోలు పోసి, ఆయిల్ పోసి కుదిపి, మిగతా పెట్రోలు పోసి మళ్లీ కుదిపి, అప్పుడు ట్యాంకులో పోయాలి. ఖాళీ ట్యాంకులో ముందు ఆయిల్ పోస్తే అది అడుగునే కూర్చుని మొదటి పది నిమిషాలు పొగ, ఆ తర్వాత ఆయిల్ లేని పెట్రోలు.

రకం కూడా ముఖ్యం. బైకుల 2టీ గాలితో చల్లారే ఇంజిన్ల కోసం, అది కాలాక బూడిద మిగిలే రకం. అవుట్‌బోర్డ్‌కి డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉండాలి. అది నీళ్లతో చల్లారే ఇంజిన్ల కోసం, బూడిద మిగలదు. ధర ఎక్కువే, ఒప్పుకుంటాను. మీ వాడకంలో లీటరు పెట్రోలుకి పెరిగేది కొద్ది రూపాయలు.

ధర తగ్గుతుందని పెట్రోలు మోడల్‌లో కిరోసిన్ కలిపే అలవాటు ఉంటే మానేయండి. కిరోసిన్ మోడల్ ఇంజిన్ కంప్రెషన్ తక్కువ పెట్టి తయారు చేస్తారు. పెట్రోలు ఇంజిన్‌లో కిరోసిన్ ముందే పేలి పిస్టన్ నెత్తిని కొడుతుంది.

ఉప్పాడ ఫైబర్:

అందరికీ నమస్కారం అండి. పైపు, బల్బు, కనెక్టర్ల సెట్ మార్చాం. పాత కనెక్టర్ ఓ-రింగ్ ఒకవైపు తెగి ఉంది, పైపు కోసి చూస్తే నిజాంపట్నం అన్న చెప్పినట్టే లోపలి పొర ఊడింది. పంపు పొర గట్టిపడి ముడతలు పడింది, కిట్ వేశాం. ఫిల్టర్ గిన్నెలో ఇప్పుడు బుడగల్లేవు. రెండు గంటలు ఫుల్‌లో నడిపాం, ఒక్కసారీ ఊగలేదు.

ఇంపెల్లర్‌కి రెండు రెక్కలు అంచులు చీలి ఉన్నాయి, ముక్కలేవీ ఊడలేదు. కొత్తది వేశాక ధార జోరుగా వస్తోంది. లెగ్ దించినప్పుడు గేర్ ఆయిల్ చూస్తే టీ రంగులో పాలు కలిసినట్టు ఉంది. ఇదేమిటి? వచ్చే ఏడాది నిషేధంలో ఇంజిన్‌ని ఎలా పెట్టాలో కూడా చెప్పండి.

గోదారి లాంచీ:

పాలు కలిసినట్టుందంటే నీళ్లు చేరాయి. ప్రొపెల్లర్ తీసి షాఫ్ట్ మొదట్లో చూడండి, వల దారం చుట్టుకుని ఉంటుంది. తిరిగే షాఫ్ట్ మీద నైలాన్ దారం కత్తిలా సీలును (నీళ్లు లోపలికి రాకుండా ఆపే రబ్బరు రింగును) కోస్తుంది. వల మీద నడిచిన ప్రతిసారీ ప్రొపెల్లర్ తీసి చూడడం అలవాటు చేసుకోండి, పిన్నూ నట్టూ విప్పడమే కదా. సీలు మార్చండి, నింపే మరల కింద వాషర్లు కూడా కొత్తవి వేయండి, చాలాసార్లు నీళ్లు అక్కడి నుంచే వస్తాయి.

గేర్ ఆయిల్ నింపేది పైనుంచి కాదు. ఇంజిన్ నిలువుగా ఉంచి, కింది రంధ్రం నుంచి ట్యూబుతో ఎక్కించండి. పై రంధ్రంలోంచి బుడగలు లేకుండా ఆయిల్ కారినప్పుడు ముందు పై మర పెట్టి, తర్వాత ట్యూబు తీసి కింది మర పెట్టండి. పైనుంచి పోస్తే మధ్యలో గాలి ఇరుక్కుని సగమే నిండుతుంది. మాన్యువల్లో చెప్పిన గ్రేడు, ఎక్కువవాటికి 90 నంబరు హైపాయిడ్ గేర్ ఆయిల్. పది గంటలు నడిపి మళ్లీ చూడండి, తెల్లబడితే సీలు ఇంకా సరిగా కూర్చోలేదు.

నిషేధానికి పెట్టే పద్ధతి ఇది. ఏప్రిల్‌లో చివరి వేట నుంచి వచ్చిన రోజే చేయాలి, వారం తర్వాత కాదు. లోపల ఉప్పు ఎండిపోతే నీళ్లకి కరగడం కష్టం. పెద్ద డ్రమ్ములో మంచినీళ్లు నింపి, నీళ్లు తీసుకునే జల్లెడ బాగా మునిగేట్టు దించి, పది, పదిహేను నిమిషాలు నెమ్మదిగా నడపండి. థెర్మోస్టాట్ తెరుచుకునేంత వేడెక్కితేనే పై దారుల్లో ఉప్పు కడుక్కుపోతుంది, రెండు నిమిషాలు నడిపి ఆపితే లాభం లేదు. చివర్లో పెట్రోలు పైపు పీకేసి, ఇంజిన్ తనంతట తాను ఆగేదాకా వదిలేయండి. ఆ తర్వాత బౌల్ అడుగు మర విప్పి మిగిలిన చుక్కలు కూడా తీసేయండి.

ప్లగ్గులు తీసి ఒక్కో రంధ్రంలో రెండు టీ స్పూన్ల టూ స్ట్రోక్ ఆయిల్ పోయండి. స్పార్క్ రాకుండా స్టాప్ క్లిప్పు తీసేసి, ప్లగ్గులు క్యాపుల్లో పెట్టి బాడీకి ఆనించి, తాడు మెల్లగా ఐదారుసార్లు లాగండి. ప్లగ్గులు మళ్లీ పెట్టేయండి. గేర్ ఆయిల్ అప్పుడే మార్చండి, జూన్‌లో కాదు. నీళ్లున్న ఆయిల్‌తో రెండు నెలలు ఉంచితే బేరింగులు తుప్పు పడతాయి.

ఇంజిన్‌ని స్టాండు మీద నిలువుగానే పెట్టండి. పడుకోబెట్టక తప్పకపోతే లోపలి నీళ్లన్నీ కారిపోయాక, తల వైపు ఎత్తులో ఉండేలా పెట్టండి. లెగ్ ఎత్తుగా ఉంటే ఎగ్జాస్ట్ దారిలో మిగిలిన నీళ్లు తిన్నగా సిలిండర్లలోకి దిగుతాయి. రెండు వారాలకోసారి తాడు ఒకటి రెండుసార్లు లాగితే చాలు, రింగులూ ఇంపెల్లర్ రెక్కలూ ఒకేచోట బిగుసుకోవు. ట్యాంకులో పెట్రోలు ఒక్క లీటరు కూడా మిగల్చకండి.

లెగ్‌కి బిగించి ఉండే జింక్ ముక్క (ఉప్పు నీళ్లకి లెగ్ బదులు తాను కరిగేది) సగం కరిగిపోతే మార్చండి. దానికి రంగు మాత్రం వేయొద్దు, రంగు వేసిన జింక్ పని చేయదు, దాని బదులు లెగ్ కరుగుతుంది.

నిజాంపట్నం తెప్ప:

ఒక్కటి కలుపుతాను. కెరటాలు దాటే తెప్ప మీద ఇవి ఎప్పుడూ ఉండాలి: మూత బిగుతుగా ఉన్న డబ్బాలో రెండు ప్లగ్గులు, ప్లగ్గు పానా, ప్రొపెల్లర్ పిన్ను రెండు, కాటర్ పిన్నులు, కనెక్టర్ ఓ-రింగులు, కటింగ్ ప్లేయర్, స్టార్టర్ తాడు తెగితే ఫ్లైవీల్‌కి చుట్టి లాగడానికి మీటరున్నర తాడు చివర ముడి వేసి. ఇంజిన్‌ని తెప్పకి కట్టే రెండో తాడు కూడా, క్లాంపు మరలు మాత్రమే నమ్ముకోకండి.

ఇంజిన్ ఎప్పుడైనా ఉప్పు నీళ్లలో మునిగితే పైకి తీసి ఎండబెట్టొద్దు. గాలి తగిలిన గంటల్లోనే బేరింగులు తుప్పు పడతాయి. విప్పేవాళ్లు దొరికేదాకా మంచినీళ్ల డ్రమ్ములో ముంచి ఉంచండి. విప్పే వీలున్న రోజు బయటికి తీసి, స్టాప్ క్లిప్పు, ప్లగ్గులు తీసి, తలకిందులు చేసి తాడు లాగి నీళ్లు పోయేదాకా కక్కించి, ఆయిల్ పోసి అదే రోజు స్టార్ట్ చేయాలి. తాడు లాగితే ఎక్కడైనా పట్టేస్తుంటే బలవంతం చేయొద్దు, కనెక్టింగ్ రాడ్ వంగి ఉండొచ్చు.

ఉప్పాడ ఫైబర్:

ప్రొపెల్లర్ తీశాం గోదారి అన్నా, షాఫ్ట్‌కి జానెడు వల దారం చుట్టుకుని ఉంది. సీలు ఆర్డర్ పెట్టాం. అది వచ్చేదాకా తెప్ప ఒడ్డునే.